కాయితం ఎనుక దిక్కు

ఏందల్లుడా ప్రహ్లాదూ, కుర్సీల కూసొని గట్ల వంటింటి పర్ద దిక్కు సూస్తున్నవ్? చాయ్ రాదయ్యా. పర్ద ఎనుక పొయ్యి ఉన్నది, నీ పెండ్లాం లేదు. పొయ్యికి నడిచొచ్చుడు రాదు. నవ్వవేంది? సంగారెడ్డిల దుకాణం మూసి, బస్సుల నిలబడి బీరంగూడ దాక వచ్చిన నీ కోసం. మీసం దువ్వుడు ఆపి కూసో. రోజూ యూనియన్ సెక్రటరీ ఉపన్యాసం మేం ఇంటం గద, ఇయ్యాల ఏడో తరగతి ఫెయిలైన కిషన్‌రావు ఉపన్యాసం నువ్వు ఇను.

ఆ ఇటలీ దేశపాయన ఉన్నడు గద, జైల్ల కూసొని నోటుబుక్కులు నింపినాయన. ఆయన పేరుకు నా నోరు తిరగది, నేను జైలు తాత అంట. రెండేండ్ల సంది ప్రతి ఆదివారం పది పన్నెండు మంది కార్మికులను ఈడ కూసోబెట్టి ఆయన రాతలు సదువుతున్నవ్. లాఠీ పట్టుకొని ఏలుడు ఒకటి, బడిల, గుడిల, పాటల, పేపర్ల మంచిగ చెప్పి మనతోనే ‘ఔ, గిదే న్యాయం’ అనిపిచ్చి ఏలుడు ఇంకొకటి, రెండోదే గట్టిది అంటవ్. నాకు మస్తు అర్థమైంది. ఎందుకంటె తెలుగుల రాసింది నువ్వు గాదు గద. బీఏ సదివిన నా మేనకోడలు సుశీల. మధ్యాహ్నం గిన్నెలు తోమినంక, మీయమ్మ రాధమ్మ జెర కన్ను మూసినంక, డిక్షనరీ ముంగట పెట్టుకొని ఇంగ్లీషుల నుంచి తెలుగు చేస్తది. కింద ‘అనువాదం: ప్రహ్లాద్’ అని నువ్వు రాస్తవ్. పిల్ల పేరేదయ్యా అని ఒకపారి అడిగితె, ‘పేర్లేంది మామా, ఇదంత సామూహికం’ అన్నవ్. సామూహికం కింద నీ ఒక్కని పేరెట్లుందో నాకిప్పటికి అంతు వట్టలే.

‘సమ్మతి అంటె ఏంది బిడ్డా? ఊకె రాస్తున్నవ్ గా మాట’ అని అడిగిన ఒకనాడు. బియ్యంల రాళ్లు ఏరుతున్నది. తల ఎత్తకుంటనే అన్నది, ‘నాకేం కష్టం లేదు మామా అనుడు.’ నేను పక్కున నవ్విన. జోక్ అనుకున్న.

జైలోళ్లు సదువుతరని ఆ తాత అసలు మాట దాచి ఇంకో మాట రాసేటోడట గద. ‘నేను గూడ గట్లనే మామా’ అన్నది సుశీల. ‘ఏం గీకుతున్నవే’ అని మీయమ్మ అడిగితె ‘మీ కొడుకు పని అత్తమ్మా’ అంటదట. కొడుకు పని అంటె గంట సేపు కూసోనిస్తది. తన పని అంటె తడి బట్టలు గుర్తుకొస్తయి మీయమ్మకు. నీకూ ఏదో ఒకటి గుర్తుకొస్తది. పోతిరెడ్డిపల్లిల బడి పంతులమ్మ పని దొరికిన్నాడు ఏమన్నవ్? ‘ప్రైవేటు బడోడు నీ శ్రమ దోచుకుంటడు, పోకు.’ పోలే. ఆ దినం నీ మీటింగుకు పదకొండు మందికి ఉప్మా చేసింది.

నీకు ఎరుకలేని ముచ్చట ఒకటున్నది. పిల్ల మూడుసార్లు బ్యాగు సర్దుకొని నా దుకాణానికొచ్చింది. మొదటిసారి నీ మీద నాలుగు జోకులేసి, మిర్చి బజ్జీలు తినిపిచ్చి, మళ్ల ఈ ఇంటికే పటాన్‌చెరు బస్సు ఎక్కిచ్చిన. రెండోసారి నువ్వు నడిచేటట్టు నడిచి సూపిచ్చిన, కండ్లల్ల నీళ్లొచ్చేదాక నవ్వింది. మూడోసారి వచ్చినప్పుడు కాళ్లకు చెప్పులు లేవు. ‘మామా, ఊపిరాడుతలేదు’ అన్నది. ‘ఫ్యాన్ ఎయ్యాల్నా బిడ్డా?’ అన్న. నవ్వింది. మళ్ల బస్సు ఎక్కిచ్చిన. ఇంటికి పోయి కమలకు చెప్పిన, మన సుశీల బంగారమే, ఒక్క మాటతోని ఇల్లు చేరుతది అని. నా పెండ్లాం అన్నం పెట్టి లోపటికి పోయింది.

ఇగ పోయిన ఆదివారం. మీటింగు కంటె ముందు వంటింట్లకు పోతె నోటుబుక్కుల నుంచి ఒక కాయితం బయటికి కనపడ్డది. ముందు దిక్కు సదివిన. జైలు తాతది గాదు, పిల్ల సొంతది. నాకు పురుగు కుట్టింది. దాన్ని తీసి నీ ఫైల్ల, ఆనాడు సదివే కాయితాల నడుమ పెట్టిన. అల్లుడు అందరి ముంగట తన ఇంటి బాగోతం తనే సదువుతడు, మొహం సూడాలె అని పర్ద కాడ నిలబడ్డ.

సదివినవ్. గుర్తున్నదా? ‘ఈ గదికి కిటికీ ఉంది, కిటికీల నుంచి గోడ కనపడుతది. పొద్దుగాల లేపటానికి ఎవరూ రారు, నాకు నేనే లేస్త, గదే వీళ్ల గెలుపు. నన్నెవరు కొట్టరు. నువ్వు లేకుంటె నడవదు అంటరు, ఆ మాటకే పండుకోకుండ నడుస్త. ఇక్కడ నా పేరు పిలువరు, కావలసిన వస్తువు పేరు పిలుస్తరు. నీళ్లు అంటె పోత. తువ్వాల అంటె పోత. ఒకనాడు ఎవరో నా పేరు పిలిస్తె, ఇంకెవరినో అనుకొని ఎనక్కి తిరిగి సూసిన. చచ్చిపోదామనుకున్న దినాలున్నయి. రేపటికి పప్పు నానబోసి ఉన్నదని గుర్తొచ్చి ఊకున్న.’

మీటింగుకొచ్చిన లింగం కండ్లు తుడుసుకున్నడు. ‘పాపం, జైల్ల ఆయనకు వంట డ్యూటీ ఏసిండ్రా అన్నా?’ అన్నడు. ‘ఔ కామ్రేడ్, ఖైదీలతోనే వండిస్తరు’ అన్నవ్ నువ్వు. అద్దాలు తీసి తుడుసుకొని, వంటింటి దిక్కు తిరిగి, ‘చాయ్!’ అన్నవ్.

పేరు గూడ లే.

నేను కొంగు లేని పాపానికి పర్దనే నోట్ల కుక్కుకొని నవ్విన. పిల్ల దిక్కు సూసిన, తను గూడ నవ్వుతదని. పన్నెండు కప్పులల్ల చాయ్ పోస్తున్నది. ఒక్క చుక్క గూడ కింద పడలే.

ఇయ్యాల పొద్దుగాల దుకాణం తెరుస్తుంటె బస్టాండు దిక్కు నుంచి వచ్చింది. బ్యాగు ఉన్నది. కాళ్లకు చెప్పులున్నయి. నీ మీద కొత్త జోక్ తయారుగుండె నాకాడ, నోరు తెరిచిన. ‘వద్దు మామా, జెర ఇది సదువు’ అని గదే కాయితం చేతుల పెట్టింది. నీ ఫైల్ల నుంచి మళ్ల తీస్కున్నదట. సదివిన గద బిడ్డా అన్న. ‘ముందు దిక్కు సదివినవ్. నీకు దొరకాలనే బయటికి పెట్టిన. ఆయనకు ఇస్తవని తెల్సు. ఎనుక దిక్కు తిప్పవని గూడ తెల్సు.’

తిప్పిన. ఇగో, నువ్వు గూడ సూడు. వద్దులే, నేనే సదువుత. ఇప్పటికి నోటికొచ్చింది.

‘ఇక్కడ కావలోళ్లు ఇద్దరు. ఒకాయన తలుపేస్తడు. ఆయన మీద కోపమొస్తది. కోపముంటె ఎప్పటికన్న తలుపు తెరవొచ్చు. రెండో ఆయన తలుపు అవతల ఉంటడు. నన్ను పానమోలె సూస్తడు. నేను ఎట్లనో బయటపడి ఉరికొస్తె ఎదురొచ్చి నవ్విస్తడు. నవ్వినంక కోపం పోతది. కోపం పోయినంక నా కాళ్లే నన్ను లోపటికి తీస్కపోతయి. మూడుసార్లు గట్లనే అయింది. నాలుగోసారి నవ్వద్దు.’

ఏ బస్సు ఎక్కిందని అడుగుతున్నవా? సూడలేదయ్యా. తల ఎత్తేసరికి బస్సు లేదు, పిల్ల లేదు. నా సదువు ఎంతనో చిన్నప్పటి సంది సూసింది గద, గా ఎనుక దిక్కు దాటేసరికి నాకు ఎంత సేపు పడుతదో దానికి లెక్క తెల్సు. నిన్ను బకరా జేద్దామని కాయితం నీ ఫైల్ల పెట్టిన అల్లుడా. దుకాణం ముంగట, రోడ్డు మీద, అచ్చరం అచ్చరం కూడబలుక్కుంట నిలబడ్డ బకరా నేనే.