యానాం చూపిస్తానన్నాడు

తెల్లవారుజామున నాలుగింటికే లేచి సూర్యకళ పులిహోర కలిపింది. అత్తగారికి పథ్యం కూర వేరే, పిల్లలకి క్యారేజీలు వేరే. పదకొండేళ్ళ కాపురంలో చంద్రరావు ఆమెని రామచంద్రపురం దాటించింది లేదు. అలాంటిది నిన్న అన్నం తింటూ, "రేపు యానాం చూసొద్దాం. పెద్ద సంచీ తెచ్చుకో, నీళ్ళ దగ్గర తడుస్తావేమో, ఓ చీర కూడా పడెయ్" అన్నాడు. ఆ ముక్కకే ఆమె కరిగిపోయింది. రాష్ట్రంలో మద్యనిషేధం వచ్చింది, యానాం పాండిచ్చేరి వాళ్ళది కాబట్టి అక్కడ లేదు. ఆ ఏడాదే వాళ్ళ వీధి మగాళ్ళందరికీ పెళ్ళాలకి యానాం చూపించాలన్న ప్రేమ పుట్టుకొచ్చింది. పక్కింటి బుల్లెమ్మని వాళ్ళాయన మూడుసార్లు తిప్పుకొచ్చాడు. "ఎలా ఉంటుందక్కా?" అని అడిగితే ఆవిడ మాట మార్చేసింది. చెబితే దిష్టి తగులుతుందని కాబోలనుకుంది పిచ్చిది సూర్యకళ.

బస్సు దిగగానే ఆమెని గోదావరి గట్టు మీద కూర్చోబెట్టి, "కదలకు, చిటికెలో వస్తా" అని చంద్రరావు సంచీ పట్టుకుపోయాడు. ఆ చిటికె రెండు గంటలు పట్టింది. పాత చర్చి చూడాలని ఉంది, ఆ వీధుల్లో ఊరికే నడవాలని ఉంది. లేస్తే, "నిన్నెవరు కదలమన్నారు?" అంటాడు. ఎండలో అలాగే కూర్చుంది. వచ్చాక చర్చి ఊసైనా ఎత్తకుండా బస్సెక్కించి సంచీ ఆమె ఒళ్ళో పెట్టాడు. బరువుగా ఉంది. చూస్తే పులిహోర గిన్నె కింద, ఆమె చీర మడతల్లో, నాలుగు సీసాలు.

"ఆడాళ్ళ సంచులు తియ్యరులే. ఒకవేళ తీస్తే మాత్రం నేనెవరో తెలీనట్టుండు" అని గొంతు తగ్గించి చెప్పి, మూడు సీట్ల ముందుకెళ్ళి కూర్చున్నాడు.

బుల్లెమ్మ మాట ఎందుకు మార్చిందో అప్పుడర్థమైంది. పొద్దున్నే జడలో పూలు పెట్టుకుని మురిసినందుకు తన మీద తనకే అసహ్యమేసింది. దొరికితే స్టేషన్‌కెళ్ళేది తను. దొరక్కపోతే నెలనెలా యానాం.

చెక్‌పోస్టు దగ్గర కానిస్టేబులు మగాళ్ళ సంచులన్నీ కెలికాడు. చంద్రరావు దర్జాగా ఖాళీ చేతులు చూపించాడు. సూర్యకళ దగ్గరకొచ్చేసరికి, "మీరు కూర్చోండమ్మా" అని కానిస్టేబులు మర్యాదగా దాటిపోయాడు. మొగుడి భుజాలు తేలికపడటం ఆమెకి వెనకనుంచి కనబడింది. నోరు విప్పితే ఇంటికెళ్ళాక ఏం జరుగుతుందో ఆమెకి బాగా తెలుసు.

"కానిస్టేబులు గారూ, కాస్త ఆగండి" అంది. "ఈ సంచీలో సీసాలున్నాయండి. అదిగో, ఆ నీలం చొక్కా ఆయనవి. అడిగితే నేనెవరో తెలీదంటారు గానీ, మా ఆయనేనండి."