హుఫూఫ్ రేటు

కాపురమున్న ఇంట్లోకి పరాయి మగవాడు అడుగు పెట్టకూడదు. ఇక్కడ, సౌదీలోని హుఫూఫ్‌లో, అది మర్యాద. పాతవాళ్లు ఖాళీ చేయకముందే ఇల్లు చూపించాలంటే మా అద్దె ఇళ్ల ఆఫీసుకి ఆడమనిషి కావాలి. ఆ ఆడమనిషిని నేనే, బీబీజాన్‌ని. కాగితాల్లో మాత్రం ఊడ్చి తుడిచే మనిషిని.

బేరం కుదిరితే కమిషన్ ఆఫీసుది. ఇల్లు చూపించినందుకు నాకు వంద రియాళ్లు. ధహ్రాన్ బ్రాంచిలో అమీనాకి ఇదే పనికి రెండు వందలని తెలిసిన రోజు నాకు అన్నం సహించలేదు. మేనేజర్ రఫీని అడిగాను. మా రాయచోటివాడే. ధహ్రాన్‌లో అద్దెలు, కూరగాయలు అన్నీ ప్రియం, హుఫూఫ్‌లో చవక, అందుకే ఇక్కడ రేటు తక్కువని కంప్యూటర్‌లో చూపించాడు. అమీనా అయినా నేనైనా ఉండేది ఆఫీసువాళ్లిచ్చిన గదిలోనే. హుఫూఫ్ చవకని రాయచోటిలో నా కూతురి నర్సింగ్ కాలేజీవాళ్లు ఫీజు తగ్గిస్తారా? ఒళ్లు మండింది. అదను కోసం చూశాను.

గురువారం పెద్ద విల్లాకి బేరం వచ్చింది. కారులో సౌదీ భార్యాభర్తలు. వంటిల్లు కళ్లారా చూడందే సంతకం వద్దని ఆవిడ పట్టు. లోపల పాత కాపురం ఇంకా ఉంది. రఫీ గేటు దగ్గర నిలబడి నన్ను లోపలికి పొమ్మని సైగ చేశాడు. మెట్లు కడగడానికి చీపురుతో పాటు తెచ్చుకున్న బకెట్ బోర్లించి దాని మీద కూర్చున్నాను.

"నా ఇకామా కార్డులో తుడిచే పనే రాసుండాది. ఇల్లు చూపించల్లంటే అమీనాకిచ్చేదే నాకూ ఇయ్యి" అన్నాను.

యాభై పెంచుతానన్నాడు. తల అడ్డంగా ఊపాను. ఎగ్జిట్ వీసా కొట్టించి ఊరికి పంపిస్తానన్నాడు. భయం వేసింది, అబద్ధమెందుకు. నా కూతురికి ఇంకా రెండేళ్ల చదువుంది. అయినా లేవలేదు.

"కొట్టించు. నేను పోయినాక ఈ గేటు నువ్వెట్ల దాటుతావో చూస్తా."

కారు స్టార్ట్ అయింది. రఫీ చెమట తుడుచుకుంటూ కఫీల్‌కి, అంటే మా వీసాలిచ్చిన ఆఫీసు యజమానికి, ఫోన్ చేశాడు. కాసేపటికి, సరే, రెండు వందలన్నాడు. నోటిమాట వద్దు, మెసేజీ పెట్టించమన్నాను. నా ఫోన్ మోగాక లేచి, చీపురు అతని చేతికిచ్చి, ఆవిడని వెంటబెట్టుకుని లోపలికి నడిచాను.

విల్లా కుదిరింది. సాయంత్రం ఆఫీసులో ఎవరూ లేనప్పుడు రఫీ గొంతు తగ్గించాడు. తన జీతమూ హుఫూఫ్ రేటేనట, ధహ్రాన్ మేనేజర్ జీతంలో సగమట. తన మాట కూడా కఫీల్ చెవిన వేయమన్నాడు.

నవ్వొచ్చింది, జాలీ వేసింది. బకెట్ బోర్లించి అతని ముందుకు జరిపాను.

"నేనెట్ల అడిగినానో చూస్తివి గదా. కూచో."