పాలచార ఉన్న బండ

మూకండపల్లిలో మా అబ్బాయి ప్రసాదు కట్టుకుంటున్న ఇంటికి గోడలు లేచాయి, కప్పు పడింది, ఇక వంటగట్టు మీదికి రాయి కావాలి. వాడికి ఫ్యాక్టరీలో షిఫ్టు. అందుకని కోడలు కస్తూరి, మనవరాలు తేజస్విని, మోకాళ్ళ నొప్పితో ఎందుకంటున్నా వినకుండా నేను, ముగ్గురం రాళ్ళ అంగడికి వెళ్ళాం. నల్లరాయే కావాలని కస్తూరి ఇంటి దగ్గరే తేల్చేసింది. నాకేం, వండేది తను.

అంగడి వెనక పెద్ద పెద్ద పలకలు తలుపుల్లాగా వరసగా ఆనించి ఉన్నాయి. ఒక్కొక్కదాన్నీ చేత్తో తడుముతూ పోతున్నాను. ఒకచోట చెయ్యి ఆగిపోయింది. బూడిదరంగు రాయి, దాని నిండా సన్నటి చారలు, ఆ చారల్ని కోసుకుంటూ పైనుంచి కిందికి వంకర తిరిగిన తెల్లటి పాయ.

"ఈ రాయి యాడిదప్పా?" అని అంగడి కుమారేశన్‌ని అడిగాను.

"కుందారపల్లి పక్కన క్వారీ, పాటీ. ఏం, కావాలా?" అన్నాడతను, అవ్వా అనేదానికి అరవంలో పాటీ అంటూ.

మా పుట్టిల్లు కుందారపల్లే. ఊరి వెనక ఏనుగు పడుకున్నట్టు ఒక బండ ఉండేది. రాగులు దాని మీదే తూర్పారబట్టేవాళ్ళం, చింతపండు దాని మీదే ఎండబెట్టేవాళ్ళం. చలికాలం పొద్దున బడికి పొమ్మంటే నేనూ మా అక్క మద్దమ్మా పోయి దాని మీద వెల్లకిలా పడుకునేవాళ్ళం. నా చదువు రెండో తరగతితో ఆగిందంటే ఆగదూ మరి! ఇట్లాంటిదే ఒక తెల్లపాయ ఆ బండ మీద ఉండేది. దానికి మేం పాలచార అని పేరు పెట్టాం. ఎవరో కొత్తకోడలు పాలకుండ నెత్తిన పెట్టుకొని బండ ఎక్కుతూ జారిందట. పాలు ఒలికిపోయాయని అత్త చంపుతుందేమోనని ఏడ్చిందట. ఆ ఏడుపు విని పాలు అక్కడికక్కడే రాయైపోయాయట. అక్క చెప్పేది ఈ కథ. కోడలి పేరు మాత్రం రోజుకొకటి మార్చేది. ఇప్పుడక్కడ బండ లేదు. గుంత ఉంది, గుంతలో పచ్చటి నీళ్ళు. ఈ పలక ఆ బండలోదో, దాని తోబుట్టువులోదో.

ఇదంతా చెప్పేసరికి కస్తూరి పకపకా నవ్వింది. "పాలు గూడా భయపడే అత్తా! కచ్చితంగా మీ ఊరామే అయ్యుంటాది."

"నన్నంటాండావా, కస్తూరమ్మా?"

"అయ్యో, మిమ్మల్ని చూస్తే పాలు విరగను గూడా విరగవు, అత్తా."

తేజస్వినికి తొమ్మిదో తరగతిలో రాళ్ళ పాఠం అయ్యింది. ముక్కు ఆనించినంత దగ్గరగా చూసి, "అవ్వా, ఇది నిజంగానే ఒలికిందే" అంది. "ఈ బూడిదరంగు రాయి ముందుది. భూమి లోపల ఎంతో లోతుకు పోయి, వేడికీ బరువుకీ నలిగి, ఇట్లా చారలు చారలుగా మారిపోయింది. అది పగిలినప్పుడు, కింద కరిగి ఉన్న రాయి ఆ సందులోకి పారి, నిదానంగా చల్లారి గడ్డకట్టింది. అదే మీ పాలచార."

"అంటే పారిందా?"

"పారింది."

"కాగి ఉన్నిందా?"

"కాగే ఉన్నింది, అవ్వా."

నా సంతోషం ఏమని చెప్పను! అక్క కథలో కోడలొక్కతే అబద్ధమన్నమాట. ఆ క్షణం నుంచి నాకు ఒకటే ఆశ, ఆ రాయి మా ఇంటికి రావాలి. నేనిక ఆ బండ దగ్గరికి పోలేను కదా.

"కస్తూరమ్మా, ఇది తీసుకుందామా?"

కస్తూరి నవ్వు ఆగింది. తర్వాత మెల్లగా అంది. "మాది ఎర్రగుంట్ల కదత్తా. మా ఇంట్లో గట్టు, అరలు, తిన్నె, అన్నీ నల్ల నాపరాళ్ళే. ఎండాకాలం మా అమ్మ నీళ్ళు చల్లి తుడిస్తే, దాని మీద చెంప ఆనించి పండుకునేదాన్ని. ఈడికొచ్చినాక బాడుగ ఇండ్లల్లో యాడా అట్లాంటి గట్టు దొరకలే. మన ఇంట్లో వేయించుకుందామని ఉన్నింది."

మరకలు కనబడవని నల్లరాయి అడుగుతోందనే ఇన్నాళ్ళూ అనుకున్నాను నేను.

"అది నిప్పు చూసిన రాయి కాదమ్మా" అంది తేజస్విని. "నీళ్ళ అడుగున మెత్తటి బురద పొరమీద పొర పేరుకొని రాయైంది. నిమ్మకాయ రసం పడితే మచ్చ పడతాది."

"తెలుసులేవే. మా అమ్మ గట్టు నిండా మచ్చలే" అంది కస్తూరి, నగల గురించి చెప్పుకున్నట్టు.

"అయితే నీదే వేయించుకో. వండేది నువ్వు" అన్నాను. నోటితో అన్నాను గాని, చెయ్యి మాత్రం రాయి మీది నుంచి తీయలేదు.

కస్తూరి నా చెయ్యి వైపు చూసింది. "కుమారేశప్పా, కడప నాపరాళ్ళు ఉన్నాయా?"

"నిండా ఉందమ్మా."

"అరలన్నిటికీ అవి వేయి. గట్టుకు ఇది."

"అర మీద చెంప ఎట్లా ఆనిస్తావే?" అన్నాను.

"కింది అర మీద ఆనిస్తాలే. మీరు దోసెలు పోసేటప్పుడు."

కుమారేశన్ పలకను బల్ల మీద పడుకోబెట్టించి, చాక్‌పీసుతో సింకు కోసం చదరం గీశాడు. అది సరిగ్గా పాలచార నడుమకు వచ్చింది. ఆ ముక్క కోసేస్తే చారలో సగం పోయినట్టే. కానీ ఇంత ఇచ్చిన పిల్లను ఇంకా ఏమడిగేది? ఆ గీతనే చూస్తూ నిలబడ్డాను.

కస్తూరి కొంగు తడిపి ఆ గీత చెరిపేసింది. "సింకు ఆ చివర గీయప్పా."

"అట్ల గీస్తే గోడ మూలకు పోతుందమ్మా. గిన్నెలు కడిగేదానికి ఇరుకు."

"కడిగేది నువ్వా, నేనా?"

అతను ఆ చివరే గీశాడు. కోత యంత్రం గుర్రుమనగానే నేను చెవులు మూసుకొని బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను. కస్తూరి రాలేదు. కోత గీత దాటకుండా కాపలా కాస్తూ ఆ రాయి పక్కనే నిలబడింది.