పిలిస్తే వచ్చినవాడు

చరిత్ర టీచరమ్మ ఆ రోజు క్లాసులో గ్రీకు నగరాల పాఠం చెప్పింది. ఏథెన్సు, స్పార్టా రెండూ మదపుటేనుగుల్లాంటివి. చిన్న ఊళ్ళలో రెండు వర్గాలు కొట్టుకుంటే ఒకరు వీళ్ళని పిలిచేవారు, ఇంకొకరు వాళ్ళని. వచ్చినవాళ్ళు తగువు తీర్చడం మాట అటుంచి, తమ కాపలా పెట్టుకుని కూర్చునేవారు. ఎవరి జోలికీ పోమన్న ఒక చిన్న దీవిని కూడా ఏథెన్సు వదల్లేదు. దేవుడు న్యాయం పక్కనుంటాడని నమ్మి ఆ దీవివాళ్ళు ఎదురు నిలిస్తే, మగవాళ్ళని చంపి ఆడవాళ్ళనీ పిల్లల్నీ బానిసలుగా అమ్మేసింది.

"ఇప్పుడూ అంతేగా టీచర్" అంది ముందు బెంచీ పిల్ల. "కాపాడతామని పెద్ద దేశంవాళ్ళు విమానాలేసుకుని వస్తారు. ఇక వెళ్ళరు."

ఒక తేడా ఉందంది టీచరమ్మ. మాకు బలముంది, వచ్చామని ఏథెన్సువాళ్ళు మొహం మీదే చెప్పారు. ఇప్పటివాళ్ళు అంతా మీ మేలుకే అంటారు. ఏది నయమో ఆమెకీ తెలీదు.

"మరి దేవుడు ఆ దీవివాళ్ళ మొర ఎందుకు వినలేదు?" అని అడిగింది ఆ పిల్లే.

దేవుడికి దణ్ణం పెట్టుకోకుండా గడప దాటని మనిషి ఆమె. అయినా తెలీదమ్మా అని ఒప్పుకుంది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి చిన్న మరిది గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఇద్దరు మరుదులూ కలిసి వడ్రంగి షాపు నడుపుతారు. కోత మిషను ముందు ఎవరు వాడాలన్న పేచీ ముదిరి ఇద్దరికీ మాటల్లేవు. భర్త పోయాక ఆమే ఇంటికి పెద్దదిక్కు. ఎంత చెప్పినా ఇద్దరూ వినలేదు.

"వదినా, అన్నయ్య బావని పిలిచాడు. బావ షాపుకి తాళమేశాడు."

బావంటే ఆడపడుచు భర్త, పెద్ద కలప డిపో ఆసామి. ఆమె వెళ్ళేసరికి షాపు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. ఆయన మనుషులిద్దరు ఆయన దుంగలే బండిలోంచి ఆవరణలో దించుతున్నారు. పిలిచిన పెద్ద మరిది కుడితిలో పడ్డ ఎలకలా ఉన్నాడు.

కొట్టుకు చస్తున్నారని జాలిపడి వచ్చానన్నాడు బావ. వీళ్ళకి బుద్ధొచ్చేదాకా తాళంచెవి తన దగ్గరే ఉంటుందట. ఈలోగా చోటు వృథా కాకుండా కాస్త కలప పెట్టుకుంటాడట.

"పిలిస్తే వచ్చారు అన్నయ్యగారూ. పొమ్మంటే వెళతారా?"

"బుద్ధొచ్చిందో లేదో నేను చూడాలిగా చెల్లెమ్మా" అని నవ్వాడాయన.

ఆమె మరుదుల వైపు తిరిగింది. "పిట్టపోరు పిల్లి తీర్చడమంటే ఇదేరా."

 పెద్దవాడు జేబులోంచి స్క్రూడ్రైవరు తీసి తలుపు దగ్గరికి నడిచాడు. తాళం ఒక పక్కనుంటే తలుపు మడతబందులు రెండో పక్కన, బయటికే ఉన్నాయి. ఒక్కొక్క స్క్రూ విప్పసాగాడు. ఆఖరుది విప్పే ముందు ఆగాడు. అది మందపాటి టేకు తలుపు. ఎవరో ఒకరు ఎత్తి పట్టుకోకపోతే మీద పడుతుంది.

"పట్టుకోరా" అన్నాడు, తమ్ముడి మొహం చూడకుండా.

చిన్నవాడు భుజం ఆనించాడు. "కొంచెం ఇటు ఒరగనీ అన్నయ్యా. వేళ్ళు జాగ్రత్త."

ఇద్దరూ తలుపు ఊడదీసి గోడకి ఆనించారు. తాళం మాత్రం చెక్కు చెదరలేదు.

బావ కుర్చీలోంచి లేచాడు. ఇద్దరూ ఒకవైపే నిలబడితే ఇక ఎవరి పక్షాన ఉండాలో ఆయనకి తోచలేదు.

"మీ దుంగలు తిరిగి బండిలోకి మేమూ ఎత్తిస్తాం బావా" అన్నాడు చిన్నవాడు, చొక్కా చేతులు పైకి మడుచుకుంటూ.