నోటి సాక్ష్యం

చెవిటివాడి ముందు శంఖమూదినట్టు అనే సామెతను ఎవడు కనిపెట్టాడో గానీ, ఆ మహానుభావుడు ఎదురైతే దయామణి పంతులమ్మ నడిబజారులో నిలేసి కడిగేసేదే. మార్కాపురం వచ్చిన ఈ ఏడాదిలో ఆ మాట చెవిన పడని వారం లేదు. పాలుపోసే ఆమె అంది, టపా తెచ్చే ఆయన అన్నాడు, ఆఖరికి మిషను దొరసాని వంటవాడూ అన్నాడు. పైగా ప్రతి ఒక్కరికీ అదేదో తనకే తట్టిన కొత్త మాటన్నట్టు ఒక నవ్వు!

దయామణి మద్రాసుకు అవతల ఎక్కడో రెండేళ్ళుండి, చెవిటి పిల్లలకు చదువు చెప్పే ట్రైనింగు పూర్తిచేసి వచ్చింది. మిషను బంగళా వెనక తడకల కొట్టంలో తొమ్మిదిమందితో బడి మొదలుపెడితే, ఊరు దానికి మూగబడి అని పేరు పెట్టి చేతులు దులుపుకుంది. పిల్లల్లో పెద్దది రూతు. పదహారేళ్ళు. తల్లి సౌభాగ్యమ్మ పలకల గనిలో కూలి చేస్తుంది.

ట్రైనింగులో దయామణికి నూరిపోసిన సూత్రం ఒకటే. చేతులు కదిలితే నోరు సోమరిపోతవుతుంది, కాబట్టి పిల్లల చేత సైగలు మాన్పించాలి. అరచేతిలో కోడి ఈక పెట్టి అది ఎగిరేలా ‘ప’ అనిపించింది. తన గొంతు మీద పిల్లల వేళ్ళు ఆనించి ‘మ’ అనిపించింది. సైగ చేసిన పిల్లలను చేతుల మీదే కూర్చోబెట్టింది. సౌభాగ్యమ్మ కొట్టం గుమ్మంలోకి వచ్చి కూతురితో చేతులతో మాట్లాడబోతే, “నువ్వే చెడగొడుతున్నావమ్మా దీన్ని” అని ఎన్నిసార్లు కసిరిందో లెక్కలేదు. సౌభాగ్యమ్మ, “సరే పంతులమ్మా” అని చేతులు కొంగులో దాచుకునేది.

ఆ ఊరి క్రైస్తవ సంఘంలో ఒక కట్టుబాటుంది. గుండ్లకమ్మ వాగులో మునిగి బాప్తిస్మం పొందాలంటే, ముందురోజు పెద్దల ఎదుట నిలబడి నమ్ముతున్నానని సాక్ష్యం చెప్పాలి. చెబితేనే బాప్తిస్మం. బాప్తిస్మం అయితేనే ప్రభువు బల్లలో రొట్టె, ద్రాక్షరసం గిన్నె. రూతు ఈడు పిల్లలందరికీ ఎప్పుడో అయిపోయింది. ఒక్క రూతు మాత్రం నెలనెలా ముక్కులు కారే చంటిపిల్లల మధ్య కూర్చుని, గిన్నె తనను దాటిపోతుంటే చూస్తూ ఉండేది. అక్షరాలు వచ్చాక ఆ పిల్ల పలక మీద సొంతంగా రాసిన మొదటి మాట, ‘నాకు ఎప్పుడు?’

అది చూసి దయామణి మాటిచ్చేసింది. రెండు నెలలు పొద్దూ మాపూ ఒకే మాట వల్లెవేయించింది. “నమ్మినాను.”

శనివారం మధ్యాహ్నం గుడిలో పెద్దలు కూర్చున్నారు. నడుమ సంఘపెద్ద మోషే. పాస్టరు ఏబేలుగారు ఉన్నారంటే ఉన్నారు. మోషే దగ్గితే తప్ప తలెత్తే మనిషి కాడాయన. రూతు ముందుకు వచ్చి, ఊపిరి బిగబట్టి నోరు తెరిచింది. కొట్టంలో దయామణికి తేటగా వినిపించే మాట అక్కడ గరగరా ఏదో అరుపులా వచ్చింది. వెనక బెంచీలో ఎవరో కిసుక్కుమన్నారు. రూతుకు నవ్వు వినపడదు, కానీ నవ్విన మొహాలు కనపడతాయి కదా! నోరు మూసేసుకుంది. రెండు చేతులూ ముందుకు చాచి, కళ్ళు మూసుకుంది.

దయామణి ఒక్క అంగలో వెళ్ళి ఆ చేతులను కిందికి లాగేసింది. ఏడాది అలవాటు మరి! లాగేసి, “ఇదిగో నాయనా, రాసింది చూడండి” అని పలక అందించింది.

“నువ్వు దిద్దించిన రాత అది. దాని మాటెట్ల అవుతాది?” అన్నాడు మోషే.

సౌభాగ్యమ్మ లేచింది. “మామా, నా బిడ్డ చేతులతో చెప్పినాది. ఏం చెప్పినాదో నేను చెప్తా.”

“చేతులు తిప్పితే సాక్ష్యమేందే? నువ్వు చెప్పిందే నిజమని నమ్మేదెట్ల? కూసో. వచ్చే ఏడు చూద్దాం.”

వచ్చే ఏడట! ఏదో వాయిదా పడ్డ పంచాయతీ అన్నట్టు! దయామణికి అరికాలి మంట నెత్తికెక్కింది. దారి పొడుగునా మోషేను తిట్టింది, నవ్విన వెనక బెంచీని తిట్టింది, పాస్టరుగారిని ఇంకాస్త ఎక్కువే తిట్టింది. దీపాలు పెట్టే వేళకు సౌభాగ్యమ్మ గుడిసె చేరింది. రూతు గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

“అది చేతులు చాచిందే, ఏందమ్మా దానర్థం?” అని అడిగింది.

సౌభాగ్యమ్మ వింతగా చూసింది. “ఇన్నాళ్ళకు అడిగితివా పంతులమ్మా! చిన్నప్పుడు వాగు దాటేటప్పుడు భయపడేది. నా చేతుల్లో చేతులు పెట్టి కళ్ళు మూసుకునేది. నేనెట్ల లాగితే అట్ల వచ్చేది. అప్పటినుంచి నమ్మినానంటే దానికి అదే.”

దయామణి చతికిలబడింది. రెండు నెలలు గొంతు చించి నేర్పిన మాట ఆ పిల్లకు ఎప్పుడో వచ్చు. పెద్దల ముందు తేటతెల్లంగా చెప్పింది కూడా. చెబుతున్న చేతులను లాగేసింది ఎవరు? మోషేనా? నోటితో వస్తేనే మాట అని మోషే ఒక్కరోజు అన్నాడు. తను ఏడాది పొడుగునా అంది. చాల్లే సంబడం, పెద్ద ట్రైనింగు, పెద్ద పంతులమ్మ! తన మీద తనకే పుట్టిన అసహ్యానికి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “నాకు నేర్పు” అంది, చేతులు ముందుకు పెట్టి. గోడవైపు పడుకున్న రూతు ఎప్పుడు లేచిందో, వచ్చి పక్కన కూర్చుంది.

మర్నాడు ఆరాధనలో గిన్నె పట్టుకుని వరసల వెంట వచ్చింది మోషేనే. దయామణి ముందు ఆగాడు. ఆమె అందుకోలేదు. పక్కనే కూర్చున్న రూతు వైపు చూపింది, గిన్నె వైపు చూపింది, తన గుండె మీద చెయ్యి వేసి, గిన్నెను దూరంగా తోసినట్టు సైగ చేసింది.

“ఏందమ్మా ఇది? నోరుంది కదా, చెప్పు.”

ఆమె నోరు విప్పలేదు. మళ్ళీ అదే సైగ చేసింది. తోసే చెయ్యి తప్పుగా తిప్పినట్టుంది, రూతు ఫక్కున నవ్వి సరిచేసి చూపింది. గుడంతా మెడలు సాచింది. మోషే మొహం కందగడ్డయింది.

“ఏమంటాంది ఈయమ్మ?” అని సౌభాగ్యమ్మ వైపు తిరిగాడు.

“నా బిడ్డకు లేని గిన్నె తనకొద్దంటాంది మామా.”

“విన్నారా పాస్టరుగారూ! ప్రభువు గిన్నె వద్దంట! ఏం పొగరు!”

సౌభాగ్యమ్మ లేచి నిలబడింది. ఈసారి చేతులు కొంగులో దాచుకోలేదు. “ఆయమ్మ నోరు తెరిచిందా మామా? చేతులు తిప్పింది. నేను చెప్పినా. చెప్పీ చెప్పకముందే నమ్మి పాస్టరుగారికి చాడీ చెప్పినావే! తప్పు మోపనీకైతే నా మాట నమ్మకమాయె. నిన్న నా బిడ్డ సాక్ష్యానికి మాత్రం కాకపాయెనా?”

మోషే పాస్టరుగారి వైపు చూశాడు. ఏబేలుగారు మోషే వైపు చూడలేదు. లేచి నిలబడ్డాడు. “సాయంత్రం వాగు దగ్గరికి పిల్లను తీసుకురా సౌభాగ్యమ్మా. అక్కడ దాని సాక్ష్యం నేను చూస్తా. ఎట్ల చెప్పినా సరే.”

సౌభాగ్యమ్మ ఆ మాటను చేతులతో కూతురికి చెప్పింది. రూతు తల్లి చేతుల వైపు ఒకసారి, పాస్టరుగారి మొహం వైపు ఒకసారి చూసి, నిజమేనా అన్నట్టు దయామణి మోచెయ్యి పట్టుకుని ఊపేసింది.

మోషే గిన్నె మళ్ళీ దయామణి ముందుకు చాచాడు, ఇంకేం, అయిపోయింది కదా అన్నట్టు. ఆమె అప్పుడూ అందుకోలేదు. రూతును చూపి, వాగు ఉన్న దిక్కు చూపి, గిన్నెను మళ్ళీ తోసింది. ఈసారి అర్థం చెప్పమని మోషే ఎవరినీ అడగలేదు.