ఇటుక గుర్తు

అమ్మ కుట్టుమిషను కింద మూడు అట్టపెట్టెలు ఉన్నాయని, వచ్చి చూసుకుని ఏది ఉంచాలో ఏది పారేయాలో చెప్పమని తమ్ముడు మూడుసార్లు ఫోన్ చేశాడు. క్వార్టర్లు పడగొడుతున్నారట. నెలాఖరుకల్లా ఖాళీ చేయాలి. అమ్మ పోయి ఏడాది దాటింది. ఏదో ఒక వంక చెప్పి దాటేస్తూ వచ్చాను. ఆ పెట్టెల్లో ఏముంటాయో నాకు తెలుసు. కొలత కాగితాలు.

ఆ క్వార్టర్ల వరసలన్నిటికీ అమ్మే దర్జీ. ఒక మనిషికి ఒకసారి కొలతలు తీసుకుంటే కాగితం మీద గీసి కత్తిరించి పెట్టుకునేది. జాకెట్టుకి ముందు భాగాలు రెండు, వీపు ఒకటి, చేతులు రెండు. ఆ ఐదు ముక్కలూ గుండుసూదితో గుచ్చి పైన ఒక బొమ్మ వేసేది. అమ్మకి చదువు రాదు, అందుకని పేర్ల బదులు బొమ్మలు. వాచ్‌మన్ భార్యకి ఈల, నర్సమ్మకి కూడిక గుర్తు. కొళాయి దగ్గర రోజుకో తగువు పెట్టుకునే చివరింటావిడకి మిరపకాయ. తనకేం బొమ్మ వేశావని ఆవిడ అడిగితే, పువ్వమ్మా అది, ఇంకా విచ్చుకోలేదు అని చెప్పింది మా అమ్మ.

నేను వెళ్ళేసరికి మరదలు పెట్టెలు ముందు గదిలోకి లాగి సిద్ధంగా ఉంచింది. ఇద్దరం నేల మీద కూర్చుని విప్పడం మొదలుపెట్టాం. ఈల, మిరపకాయ, గొడుగు. రెండో పెట్టె అడుగున ఇటుక కనిపించింది. ఆ కట్ట విప్పకుండా పక్కన పెట్టాను.

ఇటుక గుర్తు గోడక్కది.

గోడక్క మా పక్కింటి ఆవిడ. రెండిళ్ళకీ ఒకటే గోడ. అటు దగ్గితే ఇటు మంచినీళ్ళు ఇవ్వాలనిపించేంత పల్చటి గోడ. మాది ఊరి చివర సీసాల ఫ్యాక్టరీ వాళ్ళు కట్టించిన పేట. ఎక్కడ చూసినా పగిలిన గాజు కుప్పలే. మగపిల్లలకి తగువు వస్తే చేతికందేది సీసా ముక్కే. మా వీధిలో కుట్లు పడని పిల్లాడు లేడు. అమ్మ బట్టలకి వేసే కుట్లు ఎక్కువా, కాంపౌండరు మనుషులకి వేసే కుట్లు ఎక్కువా అని జనం నవ్వుకునేవారు. నాన్న అదే ఫ్యాక్టరీలో లోడింగ్ మేస్త్రీ. ఆయన నోటికంటే ముందు చెయ్యి మాట్లాడేది. గోడక్క భర్త క్రేన్ ఆపరేటరు. ఆయన చెయ్యి మాట్లాడితే మా గోడకున్న అద్దం ఊగేది.

నాకప్పుడు పదహారేళ్ళు. కథలు రాసేదాన్ని. పొడుగాటి రూళ్ళ నోటుబుక్కులో, రెండు వైపులా, అంచు కూడా వదలకుండా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. మా పేటలో ఒక్క ఇంటికీ మేడ లేదు. నా కథల్లో మాత్రం అందరూ మేడమెట్లు దిగుతూనే ఉండేవాళ్ళు. చీటికీమాటికీ మూర్ఛపోయేవాళ్ళు. వాటిని చదివిన మనిషి ఒక్కరే, గోడక్క. మధ్యాహ్నం షిఫ్టు సైరన్ మోగి మగవాళ్ళు వెళ్ళిపోయాక, పెరటి గడప మీద కూర్చుని చదివేది. ఎడమ ముంజేతి మీద కాలిన మచ్చ కనబడకుండా ఎప్పుడూ పొడుగు చేతుల జాకెట్టే వేసుకునేది.

“నీ కథలో వాళ్ళు దిగడమే గానీ ఎప్పుడూ ఎక్కరేమే?” అంది ఒకసారి. నేను ముఖం ముడుచుకుంటే నవ్వి, “మెట్లు వద్దులేవే. గోడ ఉన్న ఇల్లు రాయి. నీకు తెలిసిన ఇల్లు రాయి” అంది.

అలా మొదలైంది ఆ కథ. ఒక ఇల్లు, ఒక గోడ, గోడకి ఇటుపక్క వినే పిల్ల, అటుపక్క దెబ్బలు తినే మనిషి. నేను రాసేదాన్ని, ఆమె చదివి సరిదిద్దేది. ఇక్కడ ఏడవదే, ఇక్కడ ఊరుకుంటుంది, అనేది. చివరికి ఆమె ఏం చేస్తుందక్కా అని అడిగాను. గోడక్క పుస్తకం మూసి ఒళ్ళో పెట్టుకుంది. తర్వాత నెమ్మదిగా చెప్పింది. గురువారం ఉదయం అతను మొదటి షిఫ్టుకి వెళ్తాడు. ఏడున్నర బస్సుకి ఆమె వెళ్ళిపోతుంది. చిన్నప్పటి స్నేహితురాలు ఒక హాస్టల్లో వార్డెనుగా ఉంది, అక్కడ వంటింట్లో పని ఇప్పిస్తానంది. నేను పొల్లుపోకుండా రాశాను. పేర్లు మార్చాను, అంతే. మచ్చ మార్చలేదు, బస్సు మార్చలేదు. కథ బాగా కుదిరిందని పొంగిపోయానే తప్ప అది కథ కాదని అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది.

ఆ నోటుబుక్కు దాచే చోటు ఒకటుంది. మిషను కింద అమ్మ కత్తిరింపులకి పోగేసుకునే పాత కాగితాల దొంతర. నాన్న దాన్ని ముట్టుకోడు, అమ్మకి చదవడం రాదు. అంతకంటే భద్రమైన చోటు మా రెండు గదుల ఇంట్లో లేదనుకున్నాను.

బుధవారం గోడక్క అమ్మ దగ్గరికి వచ్చి, తన కొలత కాగితాలు ఇంకో జత కత్తిరించి ఇవ్వమని అడిగిందట. ఎందుకని అమ్మ అడగలేదు. కొలతలు చేతికిమ్మని దర్జీని ఎవరు అడుగుతారు? వేరే ఊళ్ళో వేరే దర్జీ దగ్గర కుట్టించుకోబోయేవాళ్ళే కదా. అమ్మకి తెలిసిపోయింది. మామూలుగా వార్తాపత్రికల మీద కత్తిరించే మనిషి, పాపం వెళ్ళేదానికి చిరగని కాగితం ఇద్దామని మంచి దళసరి కాగితం కోసం దొంతరంతా వెతికింది. రూళ్ళున్న కాగితమైతే గీత వంకర పోదు కూడా. నేను బడిలో ఉన్నాను. ఐదు ముక్కలూ కత్తిరించి, మడిచి, సూది గుచ్చి, బొమ్మ వేసి, పైన ఇంకో కాగితం చుట్టి ఇచ్చింది. గోడక్క విప్పకుండానే సంచీలో పెట్టుకుంది.

ఆ సాయంత్రం క్రేన్ ఆపరేటరు గేటు పాసు కనబడక ఇల్లంతా వెతుకుతూ మంచం కింద సంచీ బయటికి లాగాడు.

అతను ఇంట్లో కేకలు వేసి ఊరుకుని ఉంటే బాగుండేది. ఆ కాగితాలు పట్టుకుని కల్వర్టు దగ్గరికి వెళ్ళి, షిఫ్టు దిగి వచ్చేవాళ్ళని ఆపి పైకి చదివాడు. జాకెట్టు చెయ్యి ఆకారంలో ఉన్న కాగితం, వరసలు సగంలో తెగిపోయినవి. తిప్పి తిప్పి చదివాడు.

“వినండ్రా, మేస్త్రీ కూతురు రాసిన నవల. హీరోయిన్ మా ఇంట్లోనే ఉంది. రేపు ఏడున్నర బస్సుకట, టికెట్లు మీరు కూడా కొనుక్కోండి.”

నవ్వారు. అందరూ కాదు, కానీ నవ్వారు. నేను కొళాయి దగ్గర బిందె పట్టుకుని నిలబడి ఉన్నాను. నేను రాసిన మాటలు ఆ గొంతులో వింటూ ఉంటే, బాగున్నాయనుకున్నవన్నీ ఒక్కొక్కటీ నా ముఖాన పడ్డాయి. చదివినవి చదివినట్టు మట్టిలో పారేసి అతను ఇంటికి వెళ్ళాడు. మా అద్దం గోడ మీంచి పడి పగిలింది. బండ మీద జారిపడి గోడక్క మోచెయ్యి విరిగిందని మర్నాడు కాంపౌండరుకి చెప్పారు.

ఏడున్నర బస్సు దాని దారిన అది వెళ్ళింది. నెల తిరక్కుండా వాళ్ళు రైలు కట్టకి అవతలి వరసల్లోకి క్వార్టరు మార్పించుకున్నారు.

నాన్న మిగిలిన నోటుబుక్కుని పొయ్యిలో పెట్టాడు, నన్ను బెల్టుతో కొట్టాడు. ఆ రెండూ నాకు పెద్దగా గుర్తు లేవు. గుర్తున్నది అమ్మతో నేనన్న మాట.

“రాసి నిండిపోయింది కదా, అయిపోయిన పుస్తకం అనుకున్నానే” అంది అమ్మ. నా బడి పుస్తకాలు ఏటా అలాగే వాడుకునేది మరి. ఖాళీ కాగితం పనికొచ్చేది, రాసిన కాగితం పని తీరినది. అది ఆమె లెక్క.

“నీకు నాలుగు అక్షరాలు వచ్చి ఉంటే ఆమె బతుకు బాగుపడేది” అన్నాను.

అమ్మ వంగి మిషనులో దారం ఎక్కించుకుంది. ఆ మాట వెనక్కి తీసుకోవడానికి నాకు ముప్ఫైనాలుగేళ్ళ టైము దొరికింది, తీసుకోలేదు. పద్దెనిమిదేళ్ళకి టైపు నేర్చుకుని ఉద్యోగం పేరుతో ఆ పేట వదిలేశాను. పెళ్ళి, పిల్లలు, ఆఫీసు. ఇతరుల ఉత్తరాలు లక్ష టైపు చేసి ఉంటాను. నా సొంతంగా ఒక్క వాక్యం రాయలేదు. వచ్చినప్పుడల్లా అమ్మ ఏదో చెప్పబోయేది, నేను మాట మార్చేదాన్ని. ఒకసారి మాత్రం, నా కూతురికి పలక మీద అక్షరాలు దిద్దిస్తుంటే, అమ్మ పక్కన కూర్చుని చూసి, నాకూ చెప్పవే, అంది. ఈ వయసులో నీకెందుకమ్మా అని నవ్వేశాను.

ఇప్పుడు కట్ట విప్పాను. అవే కాగితాలు. ఆనాడు మట్టిలో పడినవి. అమ్మ ఏరి తెచ్చి, మరకలు తుడిచి ఇస్త్రీ చేసినట్టుంది, మడతలు చదునుగా ఉన్నాయి. నా పదహారేళ్ళ గుండ్రటి చేతిరాత. దాని మీద అమ్మ పెన్సిలు గీతలు. ఒకటి కాదు, చాలా. నడుము దగ్గర ఒక అంగుళం పెంచిన గీత, దాని బయట ఇంకోటి. కుడి చేతి కాగితానికి మోచేతి దగ్గర ఒక అతుకు వేసి ఉంది. వంగి ఉండిపోయిన చెయ్యి దూరడానికి వదులు.

“ఈవిడ ఇక్కడికి వచ్చేదా?” అన్నాను.

“వంకర చెయ్యి ఆవిడేగా? ఎందుకు రారు వదినా, ఏడాదికి రెండు జాకెట్లు” అంది మరదలు. “రైలు కట్ట దాటి నడుచుకుంటూ వచ్చేవారు. మీరున్నప్పుడు మాత్రం రావద్దని అత్తయ్య కబురు పెట్టేది. ఆ చెయ్యి చూస్తే అది తట్టుకోలేదు అనేది.”

ఆవిడ భర్త ఉన్నాడా అని అడిగాను. పక్షవాతం వచ్చి పదేళ్ళు మంచంలో ఉండి పోయాడట. అన్నేళ్ళూ ఆయన్ని ఆవిడే ఎత్తి దించిందట, ఆ చేత్తోనే.

“మీ గురించి అడిగేవారు. చిన్నది ఇంకా రాస్తోందా అని.”

“అమ్మ ఏం చెప్పేది?”

“రాస్తోంది, చాలా రాస్తోంది అని. నాకు నవ్వొచ్చేది, మీరు పండక్కి కార్డు కూడా రాయరు కదా అని.” నా ముఖం చూసి మరదలు ఆపేసింది. తర్వాత గొంతు తగ్గించింది. “మా పెద్దదాని దగ్గర అక్షరాలు నేర్చుకుంది అత్తయ్య. మీకు చెప్పొద్దంది. ఈ కాగితాలే చదివేది, వేలు పెట్టుకుని. ఒక్క ముక్కకి వారం పట్టేది.”

దగ్గరగా పెట్టుకుని చూశాను. నా వాక్యాల కింద, అక్కడక్కడ, సన్నటి పెన్సిలు చుక్కలు. ఏ రోజుకి ఎక్కడ ఆగిందో గుర్తు. చుక్కలు ఎడమ చెయ్యంతా దాటి, ముందు భాగాలు దాటి, వీపు మీదకి వచ్చాయి. వీపు పైభాగాన కథ ముగింపు ఉండాలి. అక్కడ మెడ కోసం గుండ్రంగా కత్తిరించి ఉంది. “ఆమె బస్సు మెట్టు మీద కాలు పెట్టి” అని ఉంది. ఆ తర్వాత కాగితం లేదు. ఆ మెడ ముక్క ఆనాడే మిషను కింద చెత్తలో ఊడ్చేసి ఉంటుంది అమ్మ. తర్వాత ఏం రాశానో ఎంత ఆలోచించినా నాకు గుర్తు రాలేదు.

చివరి చుక్క ఆ అంచు దగ్గరే ఉంది.

ఆవిడ ఇల్లెక్కడో తెలుసా అని అడిగాను. తెలియదంది మరదలు. అవతలి వరసలు పోయినేడే పడగొట్టారు. అమ్మ పోయాక ఒకసారి వచ్చిందట. గుడ్డ కప్పిన మిషను చూసి, గడప దగ్గరే కాసేపు నిలబడి, తెచ్చుకున్న బట్ట సంచీలోంచి తీయకుండానే వెళ్ళిపోయిందట.

నేను ఐదు ముక్కలనీ అమ్మ మడతల ప్రకారమే మడిచాను. సూది మళ్ళీ అదే కంతలో గుచ్చాను.

“పాత కాగితాలవాడు సాయంత్రం వస్తాడు వదినా, మిగతావాటితో ఇవీ వేసేయనా?”

“ఇవి ఉండనీ. ఆవిడ మళ్ళీ వస్తే కొలతలు కావాలిగా.”

మరదలు నన్నూ ఆ కట్టనీ మార్చి మార్చి చూసింది.

“వస్తే మటుకు కుట్టేదెవరు వదినా?” అంది మెల్లగా.