నల్లపుంజు, చుక్కలపెట్ట

కనకమహాలక్ష్మి తెల్లవారుజామున చదువుకుంటుంది. బాపట్ల వ్యవసాయ కళాశాలలో చదివి, వరి వంగడాల మీద ఏళ్ల తరబడి పరిశోధన చేసి, ఉద్యోగానికి ముందుగానే స్వస్తి చెప్పి తెనాలిలో ఇల్లు కొనుక్కున్నది ఆ వేళ దొరికే నిశ్శబ్దం కోసమే. పక్కింటి చిట్టిబాబు నీలికోళ్లు పెంచడం మొదలుపెట్టాక ఆ నిశ్శబ్దానికి నూకలు చెల్లాయి.

నీలికోడి అంటే ఆకాశపు నీలం కాదు. వానకు ముందు మబ్బు రంగు. బాపట్ల దగ్గర సముద్రపు ఒడ్డున విడిది నడిపే జాన్సన్, తన తోటలో తిరగడానికి ఒక్క కోడీ తేడా లేని నీలిగుంపు కావాలన్నాడు. చిట్టిబాబు నీలిపుంజును నీలిపెట్టలతో జతకట్టించాడు. పిల్లల్లో సగమే నీలం. మిగిలినవాటిలో కొన్ని కాటుక నలుపు, కొన్ని సిరా చిందిన తెలుపు. వాటిని పక్కకు నెట్టి మళ్లీ పొదిగించాడు. మళ్లీ అంతే. జాతిలో ఏదో మలినముందనీ, పొదిగించగా పొదిగించగా అది విరిగిపోతుందనీ అతని నమ్మకం. ఈలోగా పుంజులు పెరిగి గొంతులు విప్పాయి.

ఒకరోజు ఆమె ప్రహరీ దగ్గరికి వచ్చింది.

"ఏంటయ్యా చిట్టిబాబూ, తెల్లారకముందే ఈ కచేరీ?"

"నికార్సైన జాతి దిగేదాకా ఓర్చుకోవాలండి అక్కయ్యగారూ."

"నువ్వు ముసలాడివైనా దిగదు. నీలం జాతి కాదు, కలగలుపు. పిల్లకి రంగు తల్లి నుంచి ఒక పాలు, తండ్రి నుంచి ఒక పాలు వస్తుంది. రెండూ నలుపువైతే నల్లకోడి. రెండూ తెలుపువైతే చుక్కలకోడి. చెరొకటీ అయితే నీలం. కొన్ని లక్షణాల్లో ఒక పాలు రెండోదాని నోరు నొక్కేస్తుంది. ఇక్కడ మాత్రం ఎవరూ ఎవరికీ లొంగరు, మధ్యే మార్గం. నువ్వు తోసేసే నల్లదాన్నీ చుక్కలదాన్నీ జతకట్టించు. పిల్లలన్నీ నీలమే."

"నల్లదానికీ తెల్లదానికీ నీలమా! మీరు వరి చదివారండి. కోళ్లు నాకొదిలేయండి."

పందెం కుదిరింది. పిల్లలన్నీ నీలమైతే కోళ్లన్నీ రేపల్లెలో చిట్టిబాబు మామగారి దొడ్డికి తరలిపోవాలి. ఒక్కటి తేడా వచ్చినా గూళ్లన్నీ ఆమె చదువుకునే కిటికీ కిందికి మారతాయి, ఆమె నోరెత్తకూడదు.

అలా నిశ్శబ్దం కోసం పోరాడే మనిషి తన వెనక వసారాలోనే నల్లపుంజును కట్టేసుకుని, దాని కూతకే నిద్రలేచింది. పక్కన గంప కింద చుక్కలపెట్ట. గుడ్లు వచ్చాయి, పిల్లలయ్యాయి. చిట్టిబాబు గోడ మీద నుంచి వంగి చూశాడు.

"అక్కయ్యగారూ, ఆ మూలది చూడండి, మల్లెమొగ్గలా ఉంది! ఇదేనాండీ మధ్యే మార్గం?"

సాయంత్రానికి కిటికీ కింద గూళ్లు వెలిశాయి.

కనకమహాలక్ష్మికి రెండు రోజులు అన్నం సయించలేదు. మూడోరోజు కోళ్ల పెంపకం గ్రంథం ఒకటి తెప్పించి, అక్షరం వదలకుండా చదివి, ఒకచోట ఆగిపోయింది: పుంజుకు దూరమయ్యాక కూడా పెట్ట కొన్ని వారాలపాటు దాని బీజాన్ని కడుపులో దాచుకుంటుంది. ఈ పెట్ట తన ఇంటికి వచ్చే ముందు కాపురమున్నది చిట్టిబాబు నీలిపుంజుతోనే; ఆ పుంజులోని తెలుపు పాలే ఆ మల్లెమొగ్గ. వరికంకి జన్మలో ఇంతటి మోసం చేసి ఎరగదు.

"పొరపాటు నాది, సూత్రానిది కాదు. ఇంకొక్కసారి," అంది వెళ్లి.

"ఓడినోళ్లంతా అదే అంటారండి."

"ఈసారి ఓడితే నీ కోళ్లకి రోజూ మేత నేనే వేస్తాను."

ఈ మాట చిట్టిబాబుకు చాలా నచ్చింది.

ఆమె నెలరోజులపాటు చుక్కలపెట్టకు ఏ పుంజు మొహమూ చూపలేదు. ఆ తర్వాతే నల్లపుంజును గంపలోకి పంపింది. ఈసారి గుడ్లు చిట్లి బయటపడ్డవన్నీ మబ్బు తునకలే. చిట్టిబాబు ఒక్కో పిల్లనూ తిరగేసి, తడిచేసిన బొటనవేలితో రుద్ది చూశాడు.

"రంగేమైనా వేశారాండి?"

"మూతి కూడా రుద్దు."

ఆ వారమే కోళ్లన్నీ రేపల్లె వెళ్లాయి. అక్కడ నల్లవీ చుక్కలవీ జతకట్టించి చిట్టిబాబు నీలిగుంపును దించాడు. గుంపును బండికెక్కించుకుని, డబ్బివ్వడానికి తెనాలి వచ్చిన జాన్సన్ మురిసిపోయాడు.

"ఇంక మీకు శ్రమ లేదండి. వీటినే జతకట్టించి నేనే పెంచుకుంటా. అన్నీ నీలాలేగా!"

చిట్టిబాబు నిజాయితీపరుడు. "అది కాదండి..." అని నోరు తెరిచాడు.

కనకమహాలక్ష్మి మనసులో లెక్క తిరిగింది. నిజం తెలిస్తే నల్లపుంజునూ చుక్కలపెట్టనూ అడిగి పట్టుకుపోయి, నీలాలు తనే దించుకుంటాడు. జాన్సన్‌కు వీళ్లతో పని తీరిపోతే రేపల్లె దొడ్డికి పని ఉండదు. దొడ్డికి పని లేకపోతే చిట్టిబాబు కోళ్లు మళ్లీ తెనాలికే చేరతాయి.

"చిట్టిబాబూ, కాఫీ చల్లారిపోతోంది," అందామె.

కొన్ని నెలలకు చిట్టిబాబు మోగుతున్న ఫోను పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. "జాన్సన్‌గారండి. మీరే మాట్లాడండి, నాకు అబద్ధం రాదు."

"ఏంటండీ ఇది? నల్లవీ చుక్కలవీ పుడుతున్నాయి!" అన్నాడు జాన్సన్ అవతల నుంచి.

ఆధారం చూపకుండా ఒక్క వాక్యమైనా రాయని ఆ విదుషీమణి క్షణం ఆలోచించింది.

"ఉప్పుగాలండి," అంది గంభీరంగా. "రేపల్లె నుంచి కొత్త గుంపు తెప్పించుకోండి."